చెల్లప్పన్ తలలోని హోరు

చెల్లప్పన్‌కు మూర్ఛ మొదట కుడిచేతి బొటనవేలికి వచ్చేది. ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు ఆ వేలు ఒక్కటే టకటకా కొట్టుకునేది. అక్కణ్ణుంచి మణికట్టుకు, మోచేతికి, భుజానికి పాకి, నోటిని కుడివైపుకు లాగేసి, చివరికి మనిషిని నేలమీద పడేసేది. వేలు కదలడానికీ మనిషి పడడానికీ మధ్య ఎంతసేపు ఉంటుందని ఎవరైనా అడిగితే, అతని భార్య సెంగమలం "చెంబులో నీళ్లు వొంచినంతసేపు" అని చెప్పేది. ఆ కాసేపట్లోనే అతన్ని గోడవారకు చేర్చి, కూర్చోబెట్టి, తలను తన ఒడిలోకి తీసుకోవడం ఆమె నేర్చుకుంది.

వాళ్లది పుదుచ్చేరిలో ఉప్పళం. రెండు గదుల పెంకుటిల్లు, వెనక చిన్న పంచ, నాలుగిళ్లకూ కలిపి ఒక బావి. ఫ్రెంచివాళ్ల బట్టల మిల్లులో ఇద్దరూ పని చేసేవాళ్లు. అతను మగ్గం మీద, ఆమె నూలు చుట్టే గదిలో. వాళ్ల తాతల తాతలు నేత పని మీద ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. తెలుగు అక్షరం ఇద్దరికీ రాదు. పొద్దున మిల్లు పిలుపు సంగు ఊదగానే ఇద్దరూ కలిసి నడుచుకుంటూ వెళ్లేవాళ్లు. దారి పొడుగునా చెల్లప్పన్ మాట్లాడుతూనే ఉండేవాడు. రేవులో ఆగిన ఓడ గురించి, ఎదురుగా వచ్చిన పోలీసు టోపీ గురించి, రాత్రి వచ్చిన కల గురించి. కల రాకపోతే కల్పించి చెప్పేవాడు. సెంగమలం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అతని మాటలు వింటూ నడిస్తే దారి తెలియదని ఆమెకు మిల్లుకు వెళ్లడమే ఇష్టంగా ఉండేది.

మూర్ఛలు పెళ్లయిన రెండో ఏడు మొదలయ్యాయి. అప్పుడతనికి ఇరవై తొమ్మిదేళ్లు. చెల్లప్పన్ తల్లి మారియమ్మ కొడుకు కోసం మొక్కని దేవుడు లేడు. చేతికి తాయెత్తు కట్టించింది, మొలకు రక్ష కట్టించింది, మూర్ఛ వచ్చినప్పుడల్లా గుప్పిట్లో ఇనప తాళంచెవి పెట్టేది. మూర్ఛ దానంతటది ఆగేది. తాళంచెవి వల్లే ఆగిందని మారియమ్మ నమ్మేది. సెంగమలం ఎదురు చెప్పేది కాదు. తాళంచెవి వల్ల హాని లేదు కదా అనుకునేది.

మూర్ఛ ఒకటే కాదు, అతనికి ఎడమవైపు తలనొప్పి కూడా ఉండేది. దానితోపాటు ఒక హోరు.

"తలలో మగ్గం ఆడతా ఉండాది" అనేవాడు నవ్వుతూ. "మిల్లులో ఆపితే ఇంట్లో ఆడతాది. సెలవు లేదు దీనికి."

మిల్లులో ఎవరిని అడిగినా అదే మాట. పదేళ్లు మగ్గాల మధ్య నిలబడ్డవాడికి చెవిలో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. అందుకని ఆ హోరును ఎవరూ పట్టించుకోలేదు, చెల్లప్పన్‌తో సహా.

1927 ఎండాకాలంలో అతనికి మగ్గం దగ్గరే మూర్ఛ వచ్చింది. కుడిచెయ్యి తిరుగుతున్న తోలు పట్టీ మీదకు పోతుంటే పక్క మగ్గంవాడు చూసి లాగేశాడు. మోచేతి కింద చర్మం మాత్రం ఊడింది. మేస్త్రి కాళియప్పన్ నోరు పెద్దదే గాని మనసు చెడ్డది కాదు. పుష్‌పుష్ బండి పిలిపించి, అందులో చెల్లప్పన్‌ను కూర్చోబెట్టి, వెనక నుంచి నెట్టే మనిషితో "పెద్దాసుపత్రికి" అని చెప్పాడు. తర్వాత సెంగమలం వైపు తిరిగాడు.

"ఇదో అమ్మా, బాగయ్యేదాకా ఈడు మగ్గం తావుకు రాకూడదు. పట్టీలో పడి చచ్చినాడంటే ఆ పాపం నేను మోయలేను."

ఆసుపత్రిలో వాళ్లను చూసింది డాక్టర్ వరదరాజులు. యాభై దాటిన బక్కపలచటి మనిషి, ఈ ఊళ్లోనే వైద్యం చదివినవాడు. జవుళి వ్యాపారుల కుటుంబం, ఇంట్లో తెలుగే. సెంగమలం మాట వినగానే ఆయన తెలుగులోకి దిగాడు. చేతికి కట్టు కట్టించి, మూర్ఛ సంగతంతా అడిగి, బ్రోమైడు నీళ్లు రాసిచ్చాడు.

"తలలో హోరు ఉండాది అయ్యా" అన్నాడు చెల్లప్పన్.

"ఏం పని నీది?"

"మగ్గం."

"నా దగ్గరికి వచ్చే ప్రతి మిల్లు మనిషికీ ఉండేదే అది. దాన్ని మరిచిపో" అన్నాడు డాక్టరు.

మూడు నెలలు బ్రోమైడు తాగాడు. ముఖం నిండా కురుపులు వచ్చాయి. రోజంతా మత్తుగా కూర్చునేవాడు. మూర్ఛలు వారానికి ఒకటి వచ్చేవి పది రోజులకు ఒకటి వచ్చాయి, అంతే. మాటలు తగ్గాయి. సెంగమలం ఒక్కతే మిల్లుకు నడిచి వెళ్లేది. దారి ఇంత పొడుగని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున మారియమ్మ అంగడికి వెళ్లింది. సెంగమలం వెనక పంచలో కూర్చుని మొగుడి తలకు నువ్వుల నూనె పెడుతోంది. ఎండ ఇంకా పంచలోకి దిగలేదు. చెల్లప్పన్ ఆమె మోకాళ్లకు వీపు ఆనించి కూర్చుని, నూనె మర్దనకు హాయిగా కళ్లు మూసి, అలాగే నిద్రలోకి జారాడు. పిల్లాడిలా నోరు తెరుచుకుని నిద్రపోతున్న అతన్ని చూస్తే ఆమెకు జాలేసింది. వంగి, నూనె జిడ్డని కూడా చూడకుండా, చెంపను అతని తలకు ఆనించింది.

హుష్... హుష్... హుష్...

మిల్లు చప్పుడనుకుంది ముందు. వెంటనే గుర్తొచ్చింది, ఆ రోజు ఆదివారం. మిల్లు ఆగి ఉంది.

తల ఎత్తింది. చప్పుడు లేదు. పక్కింట్లో ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారు, అది వేరు. మళ్లీ చెవిని ఆనించింది, ఈసారి అతని ఎడమ చెవికి కాస్త పైన. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు, ఒకే తీరుగా, ఆగకుండా. మెల్లగా అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నాడి కొట్టిన ప్రతిసారీ లోపల హుష్ అంటోంది.

అతనికి మాత్రమే వినిపించే హోరైతే అది అతని చెవిలో ఉండాలి. తనకెలా వినిపిస్తుంది?

చెల్లప్పన్‌ను లేపలేదు. తన తొడలు తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుని విన్నది. నాలుగేళ్లుగా ఈ మనిషి ఈ చప్పుడులో తింటున్నాడు, నవ్వుతున్నాడు, కథలు చెబుతున్నాడు. "సెలవు లేదు దీనికి" అన్నప్పుడు తను కూడా అందరితోపాటు నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆమెను గుచ్చింది.

మారియమ్మ అంగడి నుంచి రాగానే సెంగమలం అడిగింది. "అత్తా, కొంచెం కూర్చో. నీ తల చూడాల."

"ఏంది, పేలా?"

"కాదు. ఊరికే ఉండు." అత్త తలకు నాలుగు పక్కలా చెవి పెట్టి విన్నది. ఏమీ లేదు. తర్వాత పక్కింటి అన్నమ్మాళ్ దగ్గరకు వెళ్లింది. అన్నమ్మాళ్ పప్పు దంచడం ఆపి, తల వంచి, "నాకు పిచ్చి పట్టిందా, నీకా?" అంది. ఆమె తలలోనూ ఏమీ లేదు. సాయంత్రానికి సెంగమలం ఆ వీధిలో ఆరు తలలు విన్నది. ఆరూ నిశ్శబ్దంగానే ఉన్నాయి.

మర్నాడు మిల్లు మానేసి, మొగుణ్ణి తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. వరుస పెద్దగా ఉంది. వాళ్ల వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. డాక్టర్ వరదరాజులు చెల్లప్పన్ ముఖం మీది కురుపులు చూసి, బ్రోమైడు కొంచెం తగ్గిస్తానన్నాడు.

"అయ్యా, ఈయన తలలో హోరు నాకు వినబడింది" అంది సెంగమలం.

"ఏమన్నావు?"

"చెవి ఆనించి విన్నాను. నాడి కొట్టినప్పుడంతా కొట్టుకుంటా ఉండాది. మా అత్త తల విన్నాను, పక్కింటామె తల విన్నాను. వాళ్లకెవురికీ లేదు. ఈయనకే ఉండాది."

డాక్టరు కలం పట్టుకున్న చెయ్యి ఆగింది గాని, వెనక వరుసను చూసి "సరేలే అమ్మా, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు.

సెంగమలం బెంచీ మీద నుంచి లేవలేదు. జన్మలో అంతవరకు ఏ పెద్దమనిషికీ ఎదురు చెప్పి ఎరగదు.

"నీ మెడలో ఆ గొట్టం ఉండాది కదయ్యా. గుండెకాయ మీద పెడతావు. ఒక్కసారి ఈయన తల మీద పెట్టు. ఏమీ లేదంటే లేచి పోతాను. మళ్లీ నోరెత్తను."

వరదరాజులు ఆమెను ఒక క్షణం చూశాడు. స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని, చెల్లప్పన్ జుట్టు పక్కకు తోసి, ఎడమ చెవి పైన పెట్టాడు. గదిలో రోగులు ఏదో గొణుగుతుంటే చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. ఒకచోట విన్నాడు. కొంచెం వెనక్కు జరిపి విన్నాడు. కుడివైపు విన్నాడు. మళ్లీ ఎడమవైపుకు వచ్చాడు. చాలాసేపటికి గొట్టాలు చెవుల్లోంచి తీశాడు.

"మూడు నెలల క్రితం ఇతను చెప్పినప్పుడే నేను వినాల్సింది" అన్నాడు. "తప్పు నాది. నువ్వు సరిగ్గా విన్నావమ్మా."

ఆ రోజు ఆయన ఫ్రెంచి సర్జన్‌ను పిలిపించాడు. తెల్లగడ్డం దొర వచ్చి, అరగంట విని, వరదరాజులుతో ఫ్రెంచిలో గబగబా మాట్లాడాడు. వాళ్లు వెళ్లిపోమంటారేమోనని చెల్లప్పన్ భయపడ్డాడు. దొర అతని భుజం తట్టి, తన కుర్చీ అతనికి ఇచ్చి, తను నిలబడ్డాడు. ఆ మర్యాద చూసి చెల్లప్పన్‌కు ఇంకా భయమేసింది.

వరదరాజులు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాడు. "నూలు కండె చిక్కుపడితే ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. నీ మెదడులో ఎడమవైపు, రక్తనాళాలు ఒకచోట అట్లా చిక్కుపడి ఉన్నాయి. గుండె నుంచి వచ్చే రక్తం సన్నటి నాళాల్లో పారి, జోరు తగ్గి, తర్వాత వెనక్కి పోవాలి. నీకు అక్కడ ఆ సన్నటివి లేవు. జోరు జోరుగానే అటు నుంచి ఇటు దూకుతోంది. ఆ దూకే చప్పుడే నీ హోరు. ఆ చిక్కు పక్కన ఉండే మెదడు బెదిరినప్పుడల్లా నీ బొటనవేలు కొట్టుకుంటుంది, మూర్ఛ వస్తుంది."

"ఎవురన్నా చేసిన చేతబడి కాదు గదా?" అడిగాడు చెల్లప్పన్.

"కాదు. నువ్వు పుట్టినప్పుడే ఉంది. పెద్దయ్యాక బయటపడింది."

"చిక్కు తియ్యలేరా?"

"నూలైతే తెంపి ముడి వేస్తావు. ఇది తెగితే రక్తం ఆగదు. తల తెరిచి దీన్ని ముట్టుకున్న వాళ్లు ఉన్నారట, రోగులు బల్ల మీదే పోయారట. దొర తల తెరవనంటున్నారు. కానీ ఇంకో దారి ఉందంటున్నారు. మెడలో ఎడమవైపు పెద్ద నాళం ఉంటుంది, ఆ చిక్కుకు రక్తం పోసేది అదే. దాన్ని దారంతో కట్టేస్తే జోరు తగ్గొచ్చు. మూర్ఛలు కూడా తగ్గొచ్చు."

"కట్టేస్తే ఏమైనా అవుతాదా?" అడిగింది సెంగమలం.

"అదే ముందు చూడాలి. వేలితో నొక్కి చూస్తాం. నాలుగు రోజులు పోయాక రండి."

ఆ నాలుగు రోజులూ చెల్లప్పన్ ఉత్సాహంగా ఉన్నాడు. చాలా రోజుల తర్వాత మళ్లీ మాటలు మొదలుపెట్టాడు. మారియమ్మ మాత్రం మెడకు దారం కట్టడమన్న మాట విని, వంట చేస్తూ ఏడ్చింది.

పరీక్ష రోజు అతన్ని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. కుడిచేతిలో కట్టుగుడ్డ చుట్ట ఒకటి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నారు. సెంగమలాన్ని బయటికి పంపబోతే అతను ఒప్పుకోలేదు. ఆమె మంచం కాళ్ల దగ్గర నిలబడింది.

"నేను ఆపమనేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అన్నాడు వరదరాజులు.

"అదొక కష్టమా నాకు!" అని చెల్లప్పన్ బాహూరులో జరిగిన ఒక పెళ్లి సంగతి ఎత్తుకున్నాడు. వానాకాలం, ఎడ్లబండి, బురద. దొర అతని మెడ ఎడమవైపు రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కాడు.

"బండి యిరుసు దాకా దిగిపోయింది. దిగి తొయ్యమన్నారు. నేను..." చెల్లప్పన్ ఠక్కున ఆగాడు. కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యా! ఆగిపోయింది!"

"ఏం ఆగింది?"

"హోరు! హోరు లేదయ్యా! బయట కాకి... ఆ సిస్టరమ్మ దగ్గర తాళాలు గలగలమంటా ఉండాయి. సముద్రం వినబడతా ఉండాది!" అతని కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "ఎంత నిమ్మళంగా ఉండాది! నాలుగేండ్లయింది..."

సెంగమలం కూడా ఏడ్చింది. దొర తల ఊపి, నొక్కిన వేళ్లు తియ్యకుండా, గోడ గడియారం వైపు చూశాడు.

"చెప్పు, బురదలో దిగి ఏం చేశావు?" అన్నాడు వరదరాజులు.

"బురదలో... దిగినాను. వెనకాల... బండి..." అతను మాట కోసం వెతుక్కున్నాడు. "మా... ఈమె... బండి మీద... ఈమె..."

కట్టుగుడ్డ చుట్ట అతని చేతిలోంచి జారి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. అతనికి తెలియలేదు. భార్య వైపు చూశాడు. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టలేక చూసినట్టు చూశాడు. నోటి కుడి మూల కిందికి వాలింది.

"అయ్యా, వదిలేయండి!" అని అరిచింది సెంగమలం.

దొర అప్పటికే చెయ్యి తీశాడు. వరదరాజులు చెల్లప్పన్ కుడి అరచేతిని తన చేతిలోకి తీసుకుని, "పట్టుకో, నా వేలు పట్టుకో" అంటూ ఉన్నాడు. కొంతసేపటికి ఆ చేతివేళ్లు ముడుచుకున్నాయి. ఇంకా కొంతసేపటికి చెల్లప్పన్ దీర్ఘంగా ఊపిరి తీసి, "వచ్చేసింది" అన్నాడు.

"ఏంది వచ్చింది?" సెంగమలం అతని పక్కన కూర్చుంది.

"హోరు. మళ్లీ వచ్చేసింది" అని కళ్లు మూసుకున్నాడు.

దొర చేతులు కడుక్కుని వచ్చి, తనకు తోచినది చెప్పాడు. వరదరాజులు తెలుగులో వినిపించాడు. ఎడమవైపు నాళం కట్టేస్తే హోరు పోవడం ఖాయంగా కనబడుతోంది. కానీ మాటా, కుడిచెయ్యీ పోవచ్చు. కొందరికి కొన్నాళ్లకు కుడివైపు రక్తం దారి చేసుకుని వచ్చి, పోయినవి తిరిగి వస్తాయట, కొందరికి రావట. కట్టకపోతే మూర్ఛలుంటాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆ చిక్కు పగలొచ్చు, పగలకపోనూవచ్చు. ఈ మధ్య ఫ్రాన్సు నుంచి గార్దెనాల్ అని కొత్త మాత్ర వచ్చింది, బ్రోమైడు కంటే బాగా పనిచేస్తోంది. దాన్ని వాడుకుంటూ బతకొచ్చు.

"నేనేమీ చెప్పను" అన్నాడు వరదరాజులు. "నాకు నిజంగా తెలియదు. మీరిద్దరూ మాట్లాడుకుని రండి."

ఇద్దరూ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లకుండా సముద్రం ఒడ్డుకు వెళ్లారు. మధ్యాహ్నం దాటి ఎండ తగ్గుతోంది. దూరంగా ఓడ ఆగి ఉంది. సరుకు పడవలు దాని దగ్గరకు పోతూ వస్తూ ఉన్నాయి. చెల్లప్పన్ ఇసుకలో కూర్చుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత, "నేను కట్టించుకుంటాను సెంగమలం" అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

"నీకు తెలీదు అది ఎట్లా ఉణ్ణిందో. ఎండలో నడిచి నడిచి నీళ్లలో మునిగినట్టు ఉణ్ణింది. ఆ కాకి అరుపు నాకు పాటలాగా ఉణ్ణింది. ఈ హోరుతో ఇంకా ఎన్నేండ్లు వేగేది? చెయ్యి పోతే పోనీ. ఎడమ చెయ్యి ఉండాది గదా."

"మాట?"

"మాట లేనోళ్లు బతకడం లేదా?"

సెంగమలం ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని, వదిలి, మళ్లీ తీసుకుంది.

"మావా, ఆ దొర నొక్కినప్పుడు నువ్వు నన్ను చూసినావు, గుర్తుండాదా?"

"చూసినానా?"

"చూసినావు. ఎవురో ఆడమనిషి వచ్చి నిలబడిండాది, ఎవురో ఏమో అన్నట్టు చూసినావు. నాలుగేండ్లలో నీకు ఎన్నిసార్లు మూర్ఛ వచ్చిండాదో లెక్క లేదు. నీ నోట్లో నురగ తుడిచినాను, నాలుక కొరుక్కుంటే నెత్తురు తుడిచినాను. ఏనాడూ భయపడలా. ఇయ్యాళ భయపడినాను."



"నీ పేరు యాడికో పోయింది" అన్నాడు చెల్లప్పన్, చిన్నగా. "అది నాకు తెలస్తానే ఉణ్ణింది. బురద గుర్తుండాది, ఎద్దులు గుర్తుండాయి. బండి మీద కూర్చుని నవ్వతా ఉండే ఆమె పేరేందిరా అని వెతికినాను. దొరకలా."

"నీకు హోరు వద్దు. అది నేను కాదనను. ఆ హోరు నేనూ విన్నాను, ఒక్క పూట విన్నందుకే నాకు పిచ్చి పట్టినట్టయింది. నువ్వు కట్టించుకుంటానంటే కట్టించుకో. నీకు చెయ్యి లేకపోతే నేను ముద్ద పెడతాను. మాట రాకపోతే నువ్వు చూపించింది అర్థం చేసుకుంటాను. నేను యాడికీ పోను. కాని నన్ను అడిగితే..." ఆమె గుప్పిట్లోని ఇసుక వదిలేసింది. "నన్ను అడిగితే, నాకు నువ్వు మాట్లాడతా ఉండాల."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అంతసేపు మాట్లాడడం అతను ఎన్నడూ వినలేదు. తర్వాత ఓడ వైపు చూశాడు, పడవల వైపు చూశాడు. ఒక పడవ అలల మీద ఎగిరి, పక్కకు ఒరిగి, సర్దుకుంది.

"ఆ పడవోడు మన కాళియప్పన్ మేస్త్రికి తమ్ముడులాగా ఉండాడు చూడు" అన్నాడు. "అదే పొట్ట."

సెంగమలానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతను చెయ్యి చాపి ఆమె కొంగుతోనే ఆమె ముఖం తుడిచాడు.

"మాత్రలే వేసుకుంటాలే" అన్నాడు.

ఆ మాట మర్నాడు చెప్పినప్పుడు ఫ్రెంచి దొర ఏదో అన్నాడు. వరదరాజులు చెప్పాడు. "ముందు ముందు ఇట్లాంటి చిక్కును తీసేవాళ్లు పుడతారట. తను వాళ్లలో ఒకడు కాదట. నీ నిర్ణయం విన్నాక తనకు ఈ రాత్రి నిద్ర పడుతుందంటున్నారు."

గార్దెనాల్ పనిచేసింది. మొదటి నెలలో ఒకే మూర్ఛ. తర్వాత రెండు నెలలు ఒక్కటీ లేదు. ముఖం మీద కురుపులు పోయాయి. హోరు మాత్రం పోలేదు. కాకపోతే దానికి ఒక కారణముందని తెలిశాక అతను దాన్ని పోట్లాడకుండా మోయగలిగాడు. డాక్టర్ వరదరాజులు మహా అయితే పదేళ్లు బతుకుతాడనుకున్నాడు. చెల్లప్పన్ ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికాడు.

అందులో మొదటి ఏడాదే కష్టం. మూర్ఛలు లేవు కదా అని ఒకసారి సొంతంగా మాత్రలు మానేశాడు. నాలుగో రోజు బావి దగ్గర, చేతిలో చేంతాడు ఉండగానే, ఒకదాని మీద ఒకటిగా మూడు మూర్ఛలు వచ్చాయి. అన్నమ్మాళ్ అతని నడుం పట్టుకుని వెనక్కి లాగి, తనూ అతనితోపాటు రాళ్ల మీద పడి, ముందుపన్ను విరగ్గొట్టుకుంది. పన్ను లేని నోటితో ఆమె తిట్టిన తిట్లు ఆ వీధి చాలాకాలం చెప్పుకుంది. చెల్లప్పన్ ఆ తర్వాత ఒక్క మాత్ర కూడా మానలేదు. బావి దగ్గరికి ఒంటరిగా పోవడం మానేశాడు.

డాక్టరు మిల్లుకు చీటీ రాశాడు. కాళియప్పన్ మేస్త్రి అది చదివించుకుని, గొణిగి, రెండు రోజుల తర్వాత చెల్లప్పన్‌ను గుడ్డ మడిచే గదిలో వేశాడు. అక్కడ పట్టీలు లేవు, చక్రాలు లేవు. నేలమీద కూర్చుని, నేసిన గుడ్డలో తప్పులు చూసి, మడిచి పెట్టడం. ఎనిమిదిమంది ముసలివాళ్ల మధ్య ఇతనొక్కడే వయసువాడు. వారం తిరిగేసరికి ఆ ఎనిమిదిమందీ అతని మాటలు వినడానికి పొద్దున్నే తొందరగా రావడం మొదలుపెట్టారు.

రెండేళ్లకు సెంగమలం నెల తప్పింది. ముందు పరుగున వెళ్లి డాక్టర్ వరదరాజులును అడిగింది, ఈ చిక్కు బిడ్డకు కూడా వస్తుందా అని. రాదనే అనుకుంటున్నానని ఆయన చెప్పాడు. ఆ మాటతో తృప్తిపడి ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టేలోపే అందరూ పాప్పా అని పిలిచి, ఆ పేరే ఖాయం చేశారు.

కానీ చెల్లప్పన్ బిడ్డను ఎత్తుకోలేదు. పక్కన కూర్చుని చూసేవాడు, ఈగలు తోలేవాడు, ఉయ్యాల ఊపేవాడు. ఎవరైనా ఒళ్లో పెట్టబోతే లేచి నిలబడేవాడు. "ఇప్పుడొద్దు, చెయ్యి కడుక్కోలా" అనేవాడు. చెయ్యి కడుక్కున్నాక ఇంకేదో చెప్పేవాడు. మూడు నెలలు గడిచాయి. మారియమ్మకు అర్థం కాలేదు, ఆడపిల్లని ముఖం తిప్పుకుంటున్నాడేమోనని బాధపడింది. సెంగమలానికి మాత్రం తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ భోజనాలు చేశాక, ఆమె పంచలో చాప పరిచి, గోడకు దిండు ఆనించి, "కూర్చో" అంది.

"ఏందే?"

"కూర్చోమంటా ఉండా గదా."

అతను కూర్చున్నాడు. ఆమె పాత చీర ఒకటి తెచ్చి, పాప్పాను అతని ఛాతీకి ఆనించి, ఆ చీరతో ఇద్దర్నీ కలిపి రెండు చుట్లు చుట్టి, అతని వీపు వెనక గట్టిగా ముడి వేసింది. చెల్లప్పన్ చేతులు గాలిలో నిలిచిపోయాయి.

"వొద్దు సెంగమలం. వొస్తే?"

"రానీ. నువ్వు కూర్చుని ఉండావు. వెనకాల దిండు ఉండాది, కింద చాప ఉండాది. బిడ్డ జారదు, నేను కట్టిన ముడి ఊడదు. నేను ఇదిగో, నాలుగు అడుగుల్లో ఉండాను. వొస్తే వొచ్చి పోతాది."

అతను చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి దించి బిడ్డ వీపు మీద పెట్టాడు. ఆ వీపు అతని అరచేతి కంటే చిన్నది. ఇంకో చెయ్యి కూడా దించాడు. పాప్పా తల తిప్పి, అతని చొక్కా నోట్లోకి లాక్కుని చప్పరించింది.

"ఇది తినేది కాదమ్మా" అన్నాడు చెల్లప్పన్. "ఇది మీ నాయన చొక్కా. మన మిల్లు గుడ్డే. నేనే మడిచినాను. ఈ గుడ్డ యాడికి పోతాదో తెలుసునా నీకు? ఓడెక్కి పోతాది..."

సెంగమలం గిన్నెలు తోముతూ విన్నది. ఓడ బయలుదేరింది. దారిలో తుఫాను వచ్చింది. ఓడ మీద ఒక లావుపాటి మేస్త్రి ఉన్నాడు, అతనికి ఈత రాదు. అతను నీళ్లలో పడ్డాడా లేదా అన్నది ఆమెకు వినిపించలేదు, ఎందుకంటే అప్పటికి చెల్లప్పన్ గొంతు బాగా తగ్గించేశాడు. బిడ్డ నిద్రపోయినట్టుంది.